కతవంతు

మా అవ్వకు మాట పడిపోయిన పూట నేను జగిత్యాలలో ‘క్రియేటివ్’ అనే ఇంగ్లీషు మాట ఎక్కడ పుట్టిందో పిల్లలకు చెబుతున్నాను. అవ్వ అంటే మా వైపు తల్లి. మిగతా జిల్లాల వాళ్లు ముసలమ్మ అనుకుంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో ఆపి అడగొద్దు.

నేను ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచర్ని. మా బడిలో ఏటా ‘క్రియేటివ్ డే’ అని ఒకటి జరుపుతారు. ఆ రోజు పిల్లలు థర్మాకోల్ ఇళ్లు, అగ్గిపుల్లల గుళ్లు పట్టుకొస్తారు. అవి చేసింది తల్లులని అందరికీ తెలుసు, బహుమతి మాత్రం పిల్లలకే. నాకు ఆ మాటంటేనే ఒళ్లు మంట. ఫ్లెక్సీలు కొట్టే షాపు క్రియేటివ్, పెళ్లికూతురికి మెహందీ పెట్టే పార్లర్ క్రియేటివ్, ఏబీసీడీలు రాని పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు మీద కూడా ‘వెరీ క్రియేటివ్’. కరివేపాకులా అన్నింట్లో వేస్తారు, తినేటప్పుడు పక్కన పెడతారు.

“నువ్వు డిక్షనరీలు తిరగేస్తవు గదా, ఆ మాట ఎక్కడిదో జర పిల్లలకు చెప్పు” అని మా ప్రిన్సిపల్ మేడమ్ నా మెడకు తగిలించింది. సరే, చూశాను. లాటిన్‌లో ‘క్రియారే’ అంటే లేనిదాన్ని కలిగించడం, కనడం. దానికి అక్కచెల్లెళ్ల వరస మాట ఇంకొకటుంది, దానర్థం పెరగడం. నెలవంకను ఇంగ్లీషులో క్రెసెంట్ అంటారు, ఎక్కువవడాన్ని ఇంక్రీజ్ అంటారు, తగ్గడాన్ని డిక్రీజ్ అంటారు. అన్నీ ఆ ఇంటి పిల్లలే. మన ఇంటి స్లాబులో పోసే కాంక్రీటు కూడా ఆ ఇంటిదే, కలిసి పెరిగి గట్టిపడ్డదని. ఆఖరికి మా పుట్టినూరు కోరుట్లలో దుబాయికి మనుషుల్ని పంపే ఆఫీసుల బోర్డు మీద రిక్రూట్‌మెంట్ అని ఉంటుందే, అదీ అంతే. మొదట్లో ఆ సృష్టించడం అనే మాటను దేవుడికి తప్ప ఎవరికీ వాడేవాళ్లు కాదట. లేనిది కలిగించేది ఆయనొక్కడే, మనిషి చేసేదంతా ఉన్నదాన్ని అటూ ఇటూ మార్చడమే అని. తర్వాత్తర్వాత కవులకిచ్చారు, బొమ్మలు గీసేవాళ్లకిచ్చారు, ఇప్పుడు ప్రసాదంలా అందరికీ పంచిపెట్టారు.

“మన తెలుగులో ఏమంటరు టీచర్?” అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. సృజనాత్మకత అని బోర్డు మీద రాశాను. రాశానే గాని ఆ మాట మా కోరుట్లలో ఒక్కరి నోటా నేను వినలేదు. మా వాడకట్టులో లేని కతలు అల్లే మనిషిని ఒకటే అంటారు, ‘ఉన్నయి లేనియి పుట్టిస్తది’ అని. అదీ తిట్టుగానే. మా నానమ్మ బతికున్నన్నాళ్లూ మా అవ్వను అదే మాట అన్నది. చూడబోతే లాటిన్ వాళ్లదీ మా నానమ్మదీ ఒకటే అర్థం. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచేసరికి ఆఫీసు నుంచి ఆయమ్మ వచ్చింది, నాకు ఫోనుందని.

కోరుట్ల నుంచి మా పక్కింటి పెద్దమ్మ. “బిడ్డా, మీ అవ్వ కత చెప్పుకుంట చెప్పుకుంట ఆగింది. ఉలుకు లేదు, పలుకు లేదు. జల్ది రా” అంది.

కత చెబుతూ ఆగిందంటే ఏమిటో చెప్పాలి. మా అవ్వ సిరిసిల్లలో పుట్టింది, పద్మశాలీల ఇంట్లో. కోరుట్లకు కోడలై వచ్చాక బీడీలు నేర్చుకుంది. మా నాన్న నా చిన్నప్పుడే పోతే ఆ బీడీల మీదనే నన్ను చదివించింది. మా వాడకట్టు ఆడవాళ్లంతా పొద్దున వంటలు కాగానే చాటలు ఒళ్లో పెట్టుకుని మా వాకిట్లోకి వస్తారు. ఒక పక్క తునికాకు, ఒక పక్క తంబాకు, వేళ్లకు దారం. చేతులకు పని, చెవులకు ఖాళీ. ఆ ఖాళీని నింపేది మా అవ్వ. అయితే కత చెప్పే మనిషికి చేతులు నడవవు. నోరు ముందుకు పోతే చుట్టే బీడీ చేతిలోనే ఆగుతుంది, ఆ మేరకు కూలీ తగ్గుతుంది. అందుకని వాళ్లలో వాళ్లే ఒక కట్టుబాటు చేసుకున్నారు. సాయంత్రం లేచేముందు ప్రతి ఒక్కరూ తన చాటలోంచి కొన్ని బీడీలు తీసి అవ్వ చాటలో వేస్తారు. దాన్ని కతవంతు అంటారు. ఎవరూ అడగరు, ఎవరూ ఎంచరు. కత బాగున్న రోజు చాట కాస్త ఎక్కువ నిండుతుంది, అంతే.

టీవీలో సీరియల్ చూడడం కుదరని వాళ్లకు అవ్వ ఆ కత చెప్పేది. ఆమె కూడా చూడకపోతే ఏం జరిగి ఉంటుందో తనే పుట్టించి చెప్పేది. తర్వాత అసలుది చూసినవాళ్లు వచ్చి, “టీవోళ్లు ఆగం చేసిన్రు వదినా, నువ్వు చెప్పిందే మంచిగుండె” అని ఫిర్యాదు చేసేవాళ్లు. రాజులు, రాణుల కతలంటే ఆమెకు గిట్టదు. ఆమె కతల్లో మనుషులకు మోకాళ్ల నొప్పులుంటాయి, గ్యాస్ బండ అయిపోతుంది, ఆడబిడ్డలు చెప్పకుండా వచ్చి కూర్చుంటారు.

ఆమెకు ఇంకో అలవాటుంది. కత మంచి పట్టులో ఉన్నప్పుడు ఠక్కున ఆగిపోతుంది. ఎవరివైపూ చూడదు. ఆకు కత్తిరిస్తూ కూర్చుంటుంది. ఆడవాళ్లు కాసేపు ఓపిక పట్టి, తర్వాత బతిమాలి, తర్వాత తిట్టి, ఆఖరికి ఎవరో ఒకరు ‘చాయ్ పెడత తియ్, చెప్పు’ అని లేచేదాకా నోరు విప్పదు.

ఆ రోజు కూడా ఆగింది. కతలో తలుపు తీసిన కోడలికి గడపలో ఎవరు కనబడ్డారో చెప్పబోతూ ఆగింది. ఊరించడానికి ఆగిందనుకున్నారు. “అబ్బ, మొదలువెట్టింది మళ్ల” అని నవ్వుకున్నారు. బతిమాలారు. తిట్టారు. ఒకామె చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. చాయ్ తెచ్చి చేతికిస్తే గ్లాసు చేతిలో నిలవలేదు, అప్పుడు గాని వాళ్లకు తెలియలేదు. వాళ్లను ఏమనాలి? ఆ వాకిట్లో నేనున్నా అలాగే నవ్వుతూ కూర్చునేదాన్ని.

జగిత్యాల దవాఖానలో డాక్టరు ఫోటోలు చూసి, ఎడమవైపు మెదడులో రక్తం ఆగిందని చెప్పాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. మనం చెప్పేది ఆమెకు అర్థమవుతుంది, ఆమె చెప్పాలనుకున్నదే బయటికి రాదు. “జర ముందు తెస్తే వేరే ఉండేది” అన్నాడు. ఆ మాట మా వాకిట్లో ఎవరికీ నేను చెప్పలేదు.

“మాట అస్తదా సార్?” అని అడిగాను.

“వచ్చేదుంటే ఆరు నెల్లల్ల వస్తదమ్మా. తర్వాత వచ్చేది తక్కువ. మాట్లాడించుకుంట ఉండాలె.”

నేను సెలవు పెట్టి కోరుట్లలో దిగిపోయాను. మా ఆయన ఆదివారాలు వచ్చి చూసి పోయేవాడు. నాకు అవ్వ కాలు చెయ్యి మీద పెద్దగా ఆశ లేదు, వాటి గురించి బాధా లేదు. మంచంలో ఉంటే నేను చూసుకుంటాను. నాకు ఆమె మాట కావాలి. ఆ నోరు మూతపడ్డ ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు. నన్ను తిట్టినా సరే, నా వంటకు వంక పెట్టినా సరే, ఒక్క మాట రావాలి. నేను మొక్కని దేవుడు లేడు. కొండగట్టుకు తీసుకుపొమ్మన్నవాళ్లతో కొండగట్టుకు పోయాను, నాటుమందు తాగించమన్నవాళ్లు చెప్పినట్టు తాగించాను. ఎక్కడి గొంగడి అక్కడే.

కరీంనగర్ నుంచి వారానికోసారి స్పీచ్ థెరపీ చెప్పే అమ్మాయి జగిత్యాలకు వచ్చేది. బొమ్మల కార్డులిచ్చింది. గ్లాసు, గొడుగు, పిల్లి, దువ్వెన. రోజూ చూపించి అడగాలి. నేను టీచర్ని కదా, ఇంక చెప్పేదేముంది, పొద్దునా సాయంత్రం క్లాసు పెట్టాను. “గిదేందవ్వా? చెప్పు. గొ... గొడు...” అవ్వ కార్డు వైపు చూసేది, నా వైపు చూసేది, గొంతులో ఏదో కదిలేది, కళ్లల్లో నీళ్లు తిరిగేవి. నేను ఆపేదాన్ని కాదు. ఆపితే ఆరు నెలలు అయిపోతాయని భయం.

ఒకసారి ఆ అమ్మాయి ఎదురుగానే దువ్వెన కార్డు చూపించాను. అవ్వ చాలాసేపు చూసి, బాగున్న ఎడమ చెయ్యి చాపి నన్ను దగ్గరికి లాక్కుంది. నా జడ విప్పింది. వేళ్లతో చిక్కు తీయడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి మురిసిపోయింది.

“మీ మదర్ చాలా క్రియేటివ్ మేడమ్. మాట రాకపోయినా దారి వెతుక్కుంటున్నరు.”

“నాకు క్రియేటివ్ వద్దమ్మా. దువ్వెన కావాలె,” అన్నాను.

పాపం, ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆమె నేర్చుకున్న పుస్తకంలో ఆ మాట మెచ్చుకోలుగానే ఉండి ఉంటుంది. కానీ నాకు ఆ క్షణాన ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. జుట్టు విరబోసుకుని దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎదురుగా రోడ్డు మీద అన్నీ బోర్డులే. కాంక్రీటు, రిక్రూట్‌మెంట్, క్రియేటివ్ స్టూడియో. ఊరు ఊరంతా ఆ ఒక్క వేరు మీద చిగుర్లు వేస్తోంది, మా అవ్వ నోట్లో మాత్రం ఒక్క మాట మొలవట్లేదు.

ఆ తర్వాత సిరిసిల్ల ఆలోచన వచ్చింది. అవ్వ చిన్నతనమంతా మా తాత సాంచెల షెడ్డులో నూలు కండెలు చుడుతూ గడిచింది. సాంచెలంటే మరమగ్గాలు. అవి నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. షెడ్డులో పనిచేసేవాళ్లంతా పెదవులు చూసి, చేతి సైగలు చూసి మాట్లాడుకుంటారు. కరెంటు పోతే ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. అప్పుడు చెవులన్నీ ఖాళీ. చిన్నపిల్లగా ఉన్న అవ్వ ఆ ఖాళీలోనే కతలు చెప్పడం మొదలుపెట్టిందట. కరెంటు ఎప్పుడు పోతుందా అని పనివాళ్లు ఎదురుచూసేవాళ్లని మా మేనమామ ఎన్నోసార్లు చెప్పాడు. ఆ చోటికి తీసుకుపోతే, ఆ చప్పుడు వింటే, నోరు కదులుతుందేమో అనుకున్నాను.

కారు మాట్లాడుకుని తీసుకుపోయాను. మామ షెడ్డులో సాంచెలు చాలావరకు గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. ఆర్డర్లు లేవు, పనివాళ్లు కొందరు బొంబాయి దగ్గరి భీవండి మగ్గాలకు పోయారు, కొందరు ఆటోలు నడుపుతున్నారు. అవ్వ కోసమని మామ ఒక సాంచె మీది గుడ్డ తీసి నడిపించాడు. ఆ చప్పుడుకు కుర్చీలో కూర్చున్న అవ్వ నిటారుగా అయింది. కాసేపటికి ఎడమ చెయ్యి ఎత్తి మామ వైపు వేళ్లు తిప్పింది. మామ గబగబా సాంచె దగ్గరికి పోయాడు.

“ఏమంటంది మామా?” అని ఆయన చెవిలో అరిచాను.

“కండె అయిపోవచ్చింది, మార్చుమంటంది. నేనే చూసుకోలే” అన్నాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నీ గుర్తున్నాయి ఆమెకు. ఇంక మాటే తరువాయి.

“ఆపు మామా, కరెంటు పోయినట్టు” అన్నాను.

మామ బటను నొక్కాడు. చప్పుడు పోయింది. షెడ్డులో మామ, అత్త, ఇద్దరు పనివాళ్లు, నేను. ఎవరూ కదల్లేదు. అందరం ఆమె నోరే చూస్తూ నిలబడ్డాం. అవ్వ మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. మేము ఎందుకు నిలబడ్డామో ఆమెకు తెలుసు. నోరు తెరిచింది. పెదవులు వణికాయి, మెడ నరాలు తేలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ తెరిచింది. తర్వాత మూసుకుని తల వంచుకుంది. “సాంచె నడుపు మామా” అన్నాను, ఆ నిశ్శబ్దం భరించలేక.

తిరిగొచ్చేటప్పుడు కారులో అవ్వ నా వైపు చూడలేదు. ఆమెను అందరి ముందు అలా నిలబెట్టినందుకు కోపం వచ్చినట్టుంది. రావాల్సిందే.

కోరుట్లలో మా వాకిలి అప్పటికే మారిపోయింది. ఆడవాళ్లు ఎవరి గడపలో వాళ్లు కూర్చుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని ఫోన్లలో వింటూ బీడీలు చుడుతున్నారు. ఒక్కొక్కరి చెవిలో ఒక్కో కత. సిరిసిల్ల సంగతి విని పక్కింటి పెద్దమ్మ ఊరుకోలేకపోయింది. “గిట్ల కాదు బిడ్డా. మేమంత మళ్ల మీ వాకిట్ల కూసుంటం. మమ్ముల చూస్తెనన్న ఆమె మనసు గుంజుతది” అంది.

అన్నట్టే అందరూ వచ్చారు. అవ్వను కుర్చీలో మధ్యన కూర్చోబెట్టాం. వాళ్లు ఊరి ముచ్చట్లు చెప్పుకున్నారు, ఆమెను నవ్వించారు. ఆమె కూడా ఎడమ చేత్తో ఆకులు సర్దింది. నాకు ఎన్నాళ్లకో కడుపులో చల్లగా అనిపించింది. సాయంత్రం లేచేముందు, ఎవరు మొదలుపెట్టారో గాని, లోపలి నుంచి అవ్వ చాట తెచ్చారు. ప్రతి ఒక్కరూ తన చాటలోంచి బీడీలు తీసి అందులో వేశారు. ఎన్నడూ వేయనంత వేశారు. నిండిన చాటను తెచ్చి అవ్వ కాళ్ల దగ్గర పెట్టారు.

అవ్వ ముఖం పాలిపోయింది. నాకు ముందు అర్థం కాలేదు. పెద్దమ్మకు అర్థమై నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ వాకిట్లో కత వినకుండా వంతు వేసేది ఒక్క సందర్భంలోనే. జట్టులో ఎవరైనా చచ్చిపోతే, ఆ వారం బీడీ కార్ఖానాలో ఆమె పేరున పని తక్కువ పడకూడదని అందరూ తలా ఇన్ని చుట్టి, ఆమె చాట నింపి, ఆమె గడపలో పెట్టి వస్తారు. అలా ఎన్ని చాటలు నింపడంలో మా అవ్వ చెయ్యి కూడా ఉందో. ప్రేమతో చేశారు, ఒక్కరికీ తోచలేదు.

అవ్వ బాగున్న కాలితో చాటను తన్నింది. బీడీలు వాకిలంతా చెదిరాయి.

“తప్పైంది చెల్లె, తప్పైంది” అని పెద్దమ్మ ఆమె మోకాళ్లు పట్టుకుంది. అవ్వ కళ్లు మూసుకుంది. ఆడవాళ్లు చప్పుడు చేయకుండా బీడీలు ఏరుకుని వెళ్లిపోయారు. మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అవ్వ తినడం తగ్గించింది. గంజి నోటి దగ్గర పెడితే ముఖం తిప్పుకునేది. నేను కార్డులు తీసి బీరువా మీద పడేశాను. గొడుగు అన్నంత మాత్రాన ఆమె బతకదని అప్పటికి నాకు తెలిసింది.

అప్పుడు నాకు తోచిందొక్కటే. ఆ వాకిట్లో కత నడవాలి. ఆమె చెప్పలేకపోతే నేను చెప్పాలి. నాకు కత చెప్పడం రాదు. నేను మాటల పుట్టుక వెతికే రకం, మాటలతో ఏదీ పుట్టించే రకం కాదు. అయినా పోయి ఒక్కొక్కరి కాళ్లా వేళ్లా పడి పిలుచుకొచ్చాను. “కతవంతు ఉత్తగ వెయ్యకున్రి. నేను చెప్త. మంచిగనిపిస్తెనే వెయ్యున్రి” అన్నాను. మొహమాటానికి వచ్చి కూర్చున్నారు. అవ్వ గోడవైపు తిరిగి కూర్చుంది.

“అనగనగ ఒక ఊర్లె ఒక రాజు ఉండె” అని మొదలుపెట్టాను.

“కాదు.”

ఎవరన్నారో అని అందరం చుట్టూ చూశాం. అవ్వ మా వైపు తిరిగి ఉంది. ముఖంలో పాత చిరాకు. పెద్దమ్మ లేవబోతుంటే చేత్తో ఆపాను. మళ్లీ చెప్పాను.

“రాజు గాదు. ఒక ఆమె ఉండె.”

అవ్వ ఏమీ అనలేదు.

“ఆమెకు ముగ్గురు కొడుకులు.”

“కాదు.”

“ఇద్దరు?”

“కాదు.”

“ఒక్కతే బిడ్డ.”

ఏమీ అనలేదు. అప్పుడు వాకిలి వాకిలంతా నవ్వులూ ఏడుపులూ కలిసిపోయాయి. ఒకామె లేచి వచ్చి అవ్వ బుగ్గలు ముద్దుపెట్టుకుంది. ఆ సాయంత్రం అవ్వ చాటలో బీడీలు పడ్డాయి. ఆమె వాటిని చూసింది గాని తన్నలేదు. ఒక గిన్నెడు గంజి తాగింది.

థెరపీ అమ్మాయికి ఫోన్ చేస్తే సంతోషించింది గాని, “ఒక్కోసారి ఒక్క మాటే పట్టుకుని ఉంటరు మేడమ్, అర్థం లేకుండ అదే అంటరు, జర చూడున్రి” అంది. చూశాను. నువ్వు మా అవ్వవా అంటే ఊరుకుంది. నేను నీ కోడలినా అంటే “కాదు” అంది. ఇది సిరిసిల్లనా అంటే “కాదు”. కోరుట్లనా అంటే ఊరుకుంది. తెలిసే అంటోంది. అవును అన్నది మాత్రం రాలేదు. ఊరుకోవడమే అవును. దువ్వెన రాలేదు, గొడుగు రాలేదు, నా పేరు రాలేదు.

రోజూ చెప్పేదాన్ని. నేను తప్పు దారి పట్టగానే అవ్వ కాదనేది. మార్చేదాన్ని. మళ్లీ కాదనేది. ఆమె ఊరుకున్న చోట కత ముందుకు నడిచేది. కతలో ఆమె మంచి చీర కట్టుకుందంటే కాదు, అత్త మంచిదంటే కాదు, అత్త చెడ్డదన్నా కాదు, “అత్త నిమ్మళమైన మనిషే గని ఉప్పు డబ్బ తన దగ్గర పెట్టుకునెటిది” అంటే అప్పుడు ఊరుకుంది. ఆ ఉప్పు డబ్బా నాకు ఎక్కడి నుంచి తోచిందో తెలియదు. కత నాదో ఆమెదో చెప్పలేను. దేవుడు ‘కలుగు గాక’ అంటే లోకం కలిగిందని పుస్తకాల్లో ఉంటుంది. మా అవ్వ కాదు, కాదు అంటూనే ఒక ఇల్లు కట్టింది, అందులో మనుషుల్ని పెట్టింది. ఆడవాళ్లు చెవుల్లోంచి వైర్లు తీసేశారు.

నేను మాత్రం ఆశపోతుని. ఒక మాట వచ్చింది కదా, రెండోది ఎందుకు రాదు? నిద్ర లేచిన దగ్గర్నుంచి ఆమె పెదవులే చూసేదాన్ని. ఏం చప్పుడు చేసినా పరుగెత్తేదాన్ని. డాక్టరు చెప్పిన ఆరు నెలలు దగ్గర పడ్డాయి. చూపించడానికి పోతే, “ఎట్లున్నదో గట్లనే ఉన్నది” అన్నాడు, కాగితం మీంచి తల ఎత్తకుండా. బడి నుంచి ప్రిన్సిపల్ మేడమ్ ఫోన్ చేసి ఎప్పుడొస్తావని అడిగింది. మాట రాగానే వస్తానన్నాను.

ఆ మధ్యాహ్నం కత మంచి పట్టులో ఉంది. కతలో ఆమె బిడ్డ పెద్దదైంది, పెళ్లైంది, దగ్గరి ఊళ్లోనే కొలువు చేస్తోంది. నేను ముందుగా అనుకోలేదు, నోటికి వచ్చేసింది.

“ఒకనాడు ఆమె ముచ్చట చెప్పుకుంట చెప్పుకుంట ఆగింది. నోరు పడిపోయింది.”

ఆడవాళ్ల చేతులు ఆగాయి. పెద్దమ్మ వద్దన్నట్టు నా వైపు చూసింది. అవ్వ ఏమీ అనలేదు.

“బిడ్డ దవాఖాన్లన్ని తిప్పింది. గుళ్లన్ని తిప్పింది. పుట్టిన ఊరికి తోలుకపోయింది.”

ఏమీ అనలేదు. నేను ఆమె కళ్లలోకి చూస్తూ, పిల్లలు పరీక్షలో ఆఖరి జవాబు చెప్పినట్టు చెప్పాను.

“ఆఖరికి ఒకనాడు పొద్దుగాల లేచి, ఆమె బిడ్డను పేరువెట్టి పిలిచింది.”

“కాదు.”

మెల్లగా అంది. చిరాకు లేదు.

“ఒక్కపారే రాలే. మెల్లమెల్లగ వచ్చింది. ఏడాది వట్టింది.”

“కాదు.”

“అన్ని మాటలు రాలే. ఒక రెండు మూడు. బిడ్డా అని. ఆకలైతంది అని.”

“కాదు.” ఎడమ చెయ్యి చాపి నా చెంప మీద పెట్టింది. ఆ చెయ్యి ఆకు వాసన వేస్తోంది. నాకు కత ముందుకు పోవడానికి దారి లేదు. ఎటు తిప్పినా ఆమె ఒప్పుకోదు. వాకిట్లో అందరూ నా నోరు చూస్తున్నారు.

“మాట రాలే,” అన్నాను.

అవ్వ ఏమీ అనలేదు.